ప్రొజెక్టర్ మెనూ: ఏవి ఆపేయాలి, ఏవి సరిచేయాలి, ఏవి వదిలేయాలి

పెట్టె విప్పి, ప్లగ్ పెట్టి, ఏదో సినిమా వేయగానే బొమ్మ ధగధగలాడుతుంది. ఓ అరగంట చూశాక తేడా తెలుస్తుంది. తెల్ల పంచెకు ఆకుపచ్చ ఛాయ కొడుతుంది, మొహాలు పౌడరు పూసినట్టుంటాయి, రాత్రి సీన్లో హీరో జుట్టూ వెనకాల గోడా ఒకటే మసి. ప్రొజెక్టర్‌లో లోపమేమీ లేదు. షోరూమ్ లైట్ల కింద పక్కనున్న మోడల్ కన్నా మెరవాలని ఫ్యాక్టరీలో పెట్టి పంపిన సెట్టింగులవి. ఇంట్లో వాటితో పని లేదు. ఒక్క సాయంత్రం కూర్చుంటే సరిచేసుకోవచ్చు, అందులో సగం పని ఆన్‌లో ఉన్నవాటిని ఆపేయడమే.

కింద చెప్పేది 16:9 నిష్పత్తిలో 100 అంగుళాల తెర, 1080పీ లేదా 4కె ప్రొజెక్టర్, దానికి తగిలించిన స్ట్రీమింగ్ స్టిక్, డీటీహెచ్ బాక్సు ఉన్న ఇంటికి. మెనూలో పేర్లు కంపెనీకో రకంగా ఉంటాయి కాబట్టి ఒకే పనికి వాడే వేరే పేర్లను ఎక్కడికక్కడ చెబుతాం.

ముందు గది, తర్వాత రిమోట్

పొద్దుగూకాక మొదలుపెట్టండి. కర్టెన్లు వేసేయండి. మామూలుగా సినిమా చూసేటప్పుడు ఏ లైటు వెలుగుతుందో అదొక్కటే ఉంచండి. ప్రొజెక్టర్ ఆన్ చేసి 20-30 నిమిషాలు ఏదో ఒకటి నడవనివ్వండి. దీపం పూర్తి వెలుగుకు రావాలి, లెన్స్ వేడెక్కాలి. చల్లగా ఉన్నప్పుడు పెట్టిన ఫోకస్ చాలా ప్రొజెక్టర్లలో అరగంటకు కొద్దిగా జరుగుతుంది.

కళ్లతో అంచనా వేయడానికి టెస్ట్ ప్యాటర్న్‌లు కావాలి. ఏవీఎస్ హెచ్‌డీ 709 అనే ఉచిత ప్యాటర్న్‌ల సెట్ ఉంది, దాని ఎంపీ4 ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే సరిపోతుంది. వాటిని మీరు రోజూ సినిమా చూసే పరికరంలోనే, అదే హెచ్‌డీఎంఐ పోర్టులోనే నడపండి. చాలామంది ప్రొజెక్టర్ యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ పెట్టి అన్నీ సరిచేసుకుని, ఆనక స్టిక్ పెట్టి చూస్తే పాత బొమ్మే కనిపించిందని తలపట్టుకుంటారు. కారణం ఒక్కటే: చాలా మోడళ్లు సెట్టింగులను ఒక్కో ఇన్‌పుట్‌కు, ఒక్కో పిక్చర్ మోడ్‌కు విడివిడిగా దాచుకుంటాయి.

మెనూలో దారి

రిమోట్‌లో మీకు కావలసినవి నాలుగే: మెనూ, బాణాలు, ఎంటర్ లేదా ఓకే, వెనక్కి వెళ్లే ఎస్కేప్ లేదా బ్యాక్. విడిగా పిక్చర్ మోడ్ లేదా కలర్ మోడ్ అనే బటన్ ఉంటే అది దగ్గరి దారి.

ముందుగా మెనూనే సరిచేసుకోండి. సెటప్ లేదా సిస్టమ్ కింద మెనూ టైమౌట్ ఉంటుంది. 10 సెకన్లు ఉంటే మీరు తెర చూస్తుండగానే మాయమవుతుంది, దాన్ని ఉన్నంతలో ఎక్కువకు పెంచండి. మెనూ పొజిషన్ ఉంటే ఒక మూలకు జరపండి, ప్యాటర్న్ మధ్యలో అడ్డం రాకుండా. కొన్నింట్లో ఒక వరుస మీద ఎంటర్ కొడితే మెనూ మొత్తం ముడుచుకుని అడుగున సన్నని పట్టీ మాత్రమే మిగులుతుంది. సరిచేసేటప్పుడు ఆ పట్టీతోనే పని చేయండి.

పిల్లలు రిమోట్ నొక్కి భాష చైనీస్‌లోకి మారిపోతే కంగారు పడకండి. గ్లోబు బొమ్మ గానీ, ఏ అనే ఇంగ్లిష్ అక్షరం గానీ ఉన్న వరుస వెతికి లోపలికి వెళ్తే భాషల జాబితా వాటి వాటి లిపుల్లోనే ఉంటుంది.

ఏదైనా వరుస బూడిద రంగులో ఉండి కదలకపోతే ప్రొజెక్టర్ చెడిపోయినట్టు కాదు. సిగ్నల్ రాకపోతే పిక్చర్ మెనూ సగం మూసుకుపోతుంది. గేమ్ మోడ్ లేదా ఫాస్ట్ ప్రాసెసింగ్ ఆన్‌లో ఉంటే కదలికను నునుపు చేసే ఫీచర్లు, నాయిస్ రిడక్షన్ అందవు. హెచ్‌డీఆర్ (వెలుగుకూ చీకటికీ మధ్య తేడాను మామూలు వీడియో కన్నా ఎక్కువగా చూపే పద్ధతి) వరుసలు హెచ్‌డీఆర్ వీడియో నడుస్తున్నప్పుడే తెరుచుకుంటాయి.

బొమ్మ చదరంగా పడాలి

100 అంగుళాల తెర అంటే 221 సెంటీమీటర్ల వెడల్పు, సుమారు 124.5 సెంటీమీటర్ల ఎత్తు. త్రో రేషియో (తెర దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) 1.2 ఉన్న ప్రొజెక్టర్‌ను తెర నుంచి 265 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. సీలింగ్‌కు తలకిందులుగా బిగిస్తే ప్రొజెక్షన్ వరుసలో ఫ్రంట్ సీలింగ్ ఎంచుకోండి.

ఇక కీస్టోన్, అంటే వంకర బొమ్మను మెనూలోంచి సరిచేసే ఫీచర్. దాని జోలికి పోకపోవడమే మంచిది. వంకరగా పడిన బొమ్మను అది నిజంగా నిటారు చేయదు. చిప్ మీద బొమ్మను కుదించి మూలలు కోస్తుంది, అంతే. కోసిన చోట చుక్కలు పోతాయి, సన్నని అక్షరాలు మసకబారతాయి. చీకటి సీన్లో చూడండి, తెర అంచు దాటి గోడ మీద లేత బూడిద రంగు వెలుగు త్రికోణంగా పడుతుంటుంది. కోసి పారేసిన భాగం అదే.

దాని బదులు మేస్త్రీలు వాడే రసమట్టం తెచ్చి ప్రొజెక్టర్ పైన అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి మౌంట్ స్క్రూలు సర్దండి. లెన్స్ తెరకు అడ్డంగా నడిమధ్యన ఉందో లేదో టేపుతో కొలవండి. లెన్స్ షిఫ్ట్ చక్రాలుంటే బొమ్మను వాటితో పైకీ కిందికీ జరపండి, దానివల్ల చుక్కలు పోవు. షిఫ్ట్ లేని డీఎల్‌పీ (చిన్న చిన్న అద్దాల చిప్‌తో పనిచేసే రకం) అయితే లెన్స్ ఏ ఎత్తులో ఉండాలో మాన్యువల్‌లో ఆఫ్‌సెట్ అని రాసి ఉంటుంది, మౌంట్ రాడ్డును ఆ ఎత్తుకు దించాలి. కీస్టోన్ అంకెలు నిలువుకీ అడ్డానికీ రెండూ 0 అయ్యాక ఫోకస్ తిప్పండి. చిన్న ఆండ్రాయిడ్ ప్రొజెక్టర్లలో ఆటో కీస్టోన్, ఆటో ఫోకస్ ఉంటాయి. బల్ల కాస్త కదిలినా సినిమా మధ్యలో మళ్లీ మొదలుపెడతాయి కాబట్టి, ఒకసారి కుదిరాక రెండింటినీ ఆపేయండి.

యాస్పెక్ట్‌ను ఆటో లేదా నేటివ్‌లో ఉంచి, బొమ్మ అంచులను కోసే ఓవర్‌స్కాన్‌ను ఆపేయండి. మన సినిమాలు ఎక్కువగా స్కోప్‌లో తీస్తారు, అంటే 2.39:1. 100 అంగుళాల తెర మీద స్కోప్ బొమ్మ ఎత్తు సుమారు 92 సెంటీమీటర్లే, పైనా కిందా చెరో 16 సెంటీమీటర్ల నల్ల పట్టీ వస్తుంది. తెర నిండాలని జూమ్ పెడితే పక్కలు తెగుతాయి, ఫుల్ పెడితే మనుషులు సన్నగా సాగుతారు. పట్టీలను అలాగే ఉండనివ్వండి. కాసేపట్లో వాటితో ఒక పని కూడా ఉంది.

మోడ్

డైనమిక్, వివిడ్, బ్రైట్ అనే మోడ్‌లు లెక్కలోకి తీసుకోకండి. పెట్టె మీద అచ్చేసిన ల్యూమెన్లు (ప్రొజెక్టర్ ఇచ్చే వెలుగు కొలత) వచ్చేది సాధారణంగా వీటిలోనే, ఆకుపచ్చ పొంగేదీ వీటిలోనే. సినిమా, రిఫరెన్స్, ఫిల్మ్‌మేకర్, నేచురల్ లాంటి పేరున్న దాన్ని తీసుకోండి.

అందులో వెలుగు సగానికి పడిపోయినట్టుంటే భయపడక్కర్లేదు. లెక్క ఇదీ: డిజిటల్ సినిమా థియేటర్లలో తెర మీద తెలుపుకు ప్రమాణం 14 ఫుట్‌లాంబర్ట్‌లు, అంటే 48 నిట్స్ (రెండూ తెర మీది వెలుగుకు కొలతలే). 100 అంగుళాల తెర విస్తీర్ణం సుమారు 30 చదరపు అడుగులు. మామూలు తెల్ల తెరకు చదరపు అడుగుకు 14 ల్యూమెన్ల లెక్కన 14 ఇంటూ 30, అంటే 420 ల్యూమెన్లు నిజంగా తెరను చేరితే చాలు. 2000 ల్యూమెన్లని చెప్పుకునే ప్రొజెక్టర్ సినిమా మోడ్‌లో అందులో సగమే ఇచ్చినా చీకటి గదికి ఎక్కువే. అందుకే దీపాన్ని, లేదా లేజర్ పవర్‌ను, ఎకోలో పెట్టి చూడండి. ఫ్యాన్ చప్పుడు తగ్గుతుంది, దీపం మన్నుతుంది, నలుపు కూడా ఇంకాస్త దిగుతుంది.

ఆపేయాల్సినవి

సరిచేయడం మొదలుపెట్టే ముందు వీటన్నిటినీ ఆఫ్ చేయండి: డైనమిక్ కాంట్రాస్ట్ లేదా ఆటో ఐరిస్, నాయిస్ రిడక్షన్, డీటెయిల్ ఎన్‌హాన్స్‌మెంట్, సూపర్ రిజల్యూషన్, స్కిన్ టోన్, డైనమిక్ కలర్, ఫ్రేమ్ ఇంటర్‌పొలేషన్.

ఆటో ఐరిస్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బొమ్మలో వెలుగు ఎంతుందో చూసి అది కాంతిని పెంచుతుంది, తగ్గిస్తుంది. మీరు చీకటి ప్యాటర్న్ పెట్టి మెనూ తెరిస్తే ఆ మెనూ వెలుగుకే ఐరిస్ తెరుచుకుంటుంది. మెనూ మూయగానే మళ్లీ దిగుతుంది. మీరు చూసి పెట్టిన నలుపు ఒకటి, తర్వాత కనిపించేది ఇంకొకటి. అన్నీ అయ్యాక కావాలంటే దాన్ని తక్కువ స్థాయిలో ఆన్ చేసుకోవచ్చు. సీన్ మారినప్పుడు వెలుగు ఊగుతున్నట్టు కనిపిస్తే మాత్రం తీసేయండి.

డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో బ్రిలియంట్ కలర్ అని 1 నుంచి 10 దాకా ఒక వరుస ఉండొచ్చు. రంగుల చక్రంలోని తెల్ల ముక్కనూ, రెండు రంగుల మధ్య గీతలనూ వాడుకుని వెలుగు పెంచడం దాని పని. 10లో పెడితే తెలుపు దూసుకుపోయి రంగులు వెనకబడతాయి, చామంతి పసుపు ఆవపిండి రంగుకు దిగుతుంది. చీకటి గదిలో దాన్ని బాగా కిందకు, 1 వైపు తెచ్చి చూడండి.

బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్

మెనూలోకెల్లా తప్పుదోవ పట్టించే పేరు బ్రైట్‌నెస్. అది వెలుగును పెంచదు. నలుపు ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయిస్తుంది. వెలుగు తక్కువైందని దాన్ని పెంచినవాళ్లకు దక్కేది బూడిద పూసిన బొమ్మ. తెలుపు ఎక్కడ ఆగాలో చెప్పేది కాంట్రాస్ట్.

వీడియోలో నలుపు విలువ 16, తెలుపు విలువ 235. ఈ రెండు అంకెలు గుర్తుంటే మిగతాది సులువు.

1. బ్లాక్ క్లిప్పింగ్ ప్యాటర్న్ పెట్టండి. 2 నుంచి 25 దాకా అంకెలున్న నిలువు పట్టీలు మిణుకుతుంటాయి. బ్రైట్‌నెస్‌ను ఒక్కో అంకే మారుస్తూ, 17వ పట్టీ కనీకనిపించకుండా మిణికేలా, 16, అంతకు తక్కువవి నేపథ్యంలో కలిసిపోయేలా తెచ్చి ఆపండి. గదిలో కాస్త వెలుతురుంటే 17 కనిపించదు, 18 దగ్గర ఆగినా ఫరవాలేదు.

2. వైట్ క్లిప్పింగ్ ప్యాటర్న్‌కు వెళ్లండి. ఇందులో పట్టీలు 230 నుంచి 253 దాకా. 234 దాకా విడివిడిగా కనిపించాలి, అది కనిపించేదాకా కాంట్రాస్ట్ తగ్గించండి. పైవి కూడా కనిపిస్తే మంచిదే. పెంచుతున్నప్పుడు తెలుపు గులాబీలోకో ఆకుపచ్చలోకో జారితే, మూడు రంగుల్లో ఒకటి ముందే హద్దుకు చేరిందని అర్థం. ఆ ఛాయ పోయేదాకా వెనక్కి రండి.

3. కాంట్రాస్ట్ కదిపితే నలుపు కూడా కాస్త కదులుతుంది. అందుకని మళ్లీ మొదటి ప్యాటర్న్‌కు వచ్చి బ్రైట్‌నెస్ చూడండి. రెండు మూడు విడతల్లో కుదురుతుంది.

పట్టీలు ఎంత మార్చినా దారికి రాకపోతే తప్పు వేరే చోట ఉంది. హెచ్‌డీఎంఐ రేంజ్, వీడియో రేంజ్, డైనమిక్ రేంజ్ అనే పేర్లలో ఒక వరుస ఉంటుంది. విలువలు లిమిటెడ్ లేదా నార్మల్ (పైన చెప్పిన 16 నుంచి 235), ఫుల్ లేదా ఎక్స్‌పాండెడ్ (0 నుంచి 255). స్టిక్ లిమిటెడ్‌లో పంపుతుంటే ప్రొజెక్టర్ ఫుల్ అనుకుంటే బొమ్మంతా మజ్జిగ పోసినట్టు పాలిపోతుంది. స్టిక్ ఫుల్‌లో పంపుతుంటే ప్రొజెక్టర్ లిమిటెడ్ అనుకుంటే నీడలన్నీ గడ్డకట్టి నల్ల ముద్దవుతాయి, తెలుపులూ మాడిపోతాయి. స్టిక్‌కు, సెట్ టాప్ బాక్సుకు రెండు వైపులా లిమిటెడ్ పెట్టండి. ల్యాప్‌టాప్ పెడితే అది ఫుల్‌లో పంపుతుండొచ్చు, ప్రొజెక్టర్‌ను దానికి తగ్గట్టు మార్చండి.

ప్యాటర్న్‌లు దొరక్కపోతే ఇందాక వదిలేసిన నల్ల పట్టీలున్నాయి. రాత్రి సీన్ దగ్గర సినిమా ఆపండి. బ్రైట్‌నెస్ ఒక్కో అంకె తగ్గిస్తూ పట్టీలనే చూడండి. ఒక దశలో పట్టీ ఇక నల్లబడదు, ఆ తర్వాత తగ్గించిన ప్రతి అంకె బొమ్మలోని నీడలనే తింటుంది. పట్టీ నల్లబడటం ఆగిన చోటే మీరూ ఆగండి. అక్కడ నల్ల జుట్టులో పోగులు కనిపించాలి. తర్వాత పెళ్లి సీన్ ఒకటి పెట్టుకుని కాంట్రాస్ట్ చూడండి. ఎండలో ఉన్న తెల్ల పంచె మడతలు, మల్లెపూల రేకుల మధ్య గీతలు పోకుండా ఎంత పెంచగలిగితే అంత.

రంగు, గామా, షార్ప్‌నెస్

కలర్ టెంపరేచర్‌ను 6500 కెల్విన్, డీ65 లేదా వార్మ్ అనే దాంట్లో పెట్టండి. మొదటి పది నిమిషాలు బొమ్మ పసుపుగా ఉందనిపిస్తుంది. నీలం కలిసిన తెలుపుకు కళ్లు అలవాటుపడటం వల్ల వచ్చే చిక్కది. ఓపిక పట్టి ఒక రీలు చూసి, అప్పుడు పాత సెట్టింగుకు మార్చండి. ఈసారి అదే నీలంగా కనిపిస్తుంది. తెర లేకుండా క్రీమ్ రంగు గోడ మీద వేస్తుంటే మాత్రం పసుపు నిజమే. అలాంటప్పుడు ఒక మెట్టు చల్లని టెంపరేచర్‌కు వెళ్లడం తప్పు కాదు, గోడకు మ్యాట్ తెలుపు కొట్టించడం అంతకన్నా మేలు. ఆర్‌జీబీ గెయిన్, ఆఫ్‌సెట్ అనే వరుసల్ని కొలిచే మీటరు లేకుండా కదపొద్దు. కళ్లతో సరిచేస్తే ఒకచోట బాగుపడి మూడు చోట్ల చెడుతుంది.

కలర్, టింట్ సినిమా మోడ్‌లో ఎలా వస్తే అలా వదిలేయండి. మరీ అనుమానమైతే ఎరుపును చూడండి. రంగు ఎక్కువైతే ముందు చెడేది అదే. పట్టుచీర ఎరుపులో నేత కనిపించకుండా ముద్దగా ఉంటే కలర్ రెండు మూడు అంకెలు తగ్గించండి.

నలుపుకూ తెలుపుకూ మధ్య ఛాయలు ఎంత వెలుగుతో పడాలో చెప్పేది గామా. చీకటి గదిలో 2.4, చిన్న లైటు వెలుగుతుంటే 2.2.

షార్ప్‌నెస్‌కు తెలుగు అక్షరాలే మంచి ప్యాటర్న్. టైటిళ్లు పడే చోట ఆపి, గుండ్రటి అక్షరాల అంచుకు దగ్గరగా వెళ్లి చూడండి. నల్ల అక్షరం పక్కన తెల్ల గీత, తెల్ల అక్షరం చుట్టూ నల్ల గీత నీడలా ఉంటే షార్ప్‌నెస్ ఎక్కువైనట్టే. గీత పోయేదాకా తగ్గించండి. కొన్ని మోడళ్లలో 0 దగ్గర ఆ గీత పోయి బొమ్మ మాత్రం మసకబారుతుంది, గీత పోయిన అంకె దగ్గరే ఆగాలి తప్ప 0 కోసం వెతకొద్దు.

కదలిక

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. చాలా స్టిక్‌లు పెట్టెలోంచి తీసినప్పుడు 60 హెర్ట్జ్‌లో పంపుతాయి. 24ను 60లో సర్దాలంటే ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతిదాన్ని మూడుసార్లు చూపాలి. కెమెరా మెల్లగా పక్కకు తిరిగే షాట్లలో వచ్చే కుదుపు అదే. ఫైర్ టీవీలో డిస్‌ప్లే సెట్టింగుల్లో మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్, యాపిల్ టీవీలో మ్యాచ్ కంటెంట్ కింద ఫ్రేమ్ రేట్ ఆన్ చేయండి. సినిమా మొదలయ్యేటప్పుడు తెర రెండు మూడు సెకన్లు నల్లబడుతుంది, అది మామూలే. కొన్ని యాప్‌లు ఈ సెట్టింగును పట్టించుకోవు.

ఫ్రేమ్ ఇంటర్‌పొలేషన్‌కు కంపెనీకో పేరుంటుంది. లేని ఫ్రేములను అది ఊహించి మధ్యలో కలుపుతుంది, దాంతో కోట్లు పోసి తీసిన సినిమా మధ్యాహ్నం సీరియల్‌లా కనిపిస్తుంది. సినిమాకు ఆఫ్. క్రికెట్‌కు లోలో పెట్టుకోండి, బంతి గీతలా సాగకుండా ఉంటుంది.

హెచ్‌డీఆర్

హెచ్‌డీఆర్ సినిమాలను 1000 నిట్స్, కొన్నిసార్లు 4000 నిట్స్ వెలుగు లెక్కన తయారుచేస్తారు. మీ 100 అంగుళాల తెర మీద 500 ల్యూమెన్లు పడితే వచ్చేది 60 నిట్స్‌లోపు, 1000 పడితే సుమారు 115. అంత వెలుగును ఇంతలోకి కుదించే పనే టోన్ మ్యాపింగ్, అది సరిగ్గా కుదరకపోతే సినిమా అంతా సాయంత్రమైనట్టు ఉంటుంది.

హెచ్‌డీఆర్ వీడియో నడుస్తుండగా మెనూ తెరవండి. హెచ్‌డీఆర్ బ్రైట్‌నెస్, హెచ్‌డీఆర్10 సెట్టింగ్, టోన్ మ్యాపింగ్ అనే పేర్లతో ఒక స్లైడర్ ఉంటుంది. ఎప్సన్ కొన్ని మోడళ్లలో అది 1 నుంచి 16, అంకె తగ్గేకొద్దీ బొమ్మ వెలుగెక్కుతుంది. మనిషి మొహం మామూలు వెలుగులో కనిపించే చోటికి తెచ్చి, ఆకాశంలో మబ్బులు ఇంకా మిగిలాయో లేదో చూసుకోండి. దీపాన్ని ఇక్కడ మాత్రం హైలో పెట్టండి. ఎంత చేసినా చీకటిగానే ఉంటే స్టిక్‌లో హెచ్‌డీఆర్ ఆపేసి మామూలు వీడియోగా చూడండి. 500 ల్యూమెన్ల ప్రొజెక్టర్ మీద చాలా సినిమాలు అలాగే బాగుంటాయి.

4కె 60లో హెచ్‌డీఆర్ పెట్టగానే తెర మీద మెరుపు చుక్కలు పడుతున్నా, బొమ్మ పోయి వస్తున్నా ముందు కేబుల్‌ను అనుమానించండి. దానికి 18 జీబీపీఎస్ మోయగల కేబుల్ కావాలి. సీలింగ్‌లోంచి 10 మీటర్లు, అంతకన్నా ఎక్కువ లాగాలంటే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ నమ్మకం. దానికి రెండు కొసలు వేరు: సోర్స్ అని రాసింది స్టిక్ వైపు, డిస్‌ప్లే అని రాసింది ప్రొజెక్టర్ వైపు. ఫాల్స్ సీలింగ్ మూయించక ముందే ఒకసారి బొమ్మ వేసి చూడండి.

దాచుకోవడం, తర్వాతి సంగతులు

అన్నీ కుదిరాక మెమరీ లేదా యూజర్ 1లో సేవ్ చేసి, ప్రతి మెనూ పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పిక్చర్ పేజీలో ఉన్న రీసెట్ ఆ పేజీ వరకే. సిస్టమ్ కింద ఉన్న రీసెట్ ఆల్ నొక్కితే భాషతో సహా మొత్తం పోతుంది. మామూలు వీడియోకూ, హెచ్‌డీఆర్‌కూ, రెండో పోర్టులోని డీటీహెచ్ బాక్సుకూ విడివిడిగా సేవ్ చేయాలి. రెండో మెమరీ పగటి క్రికెట్‌కు పెట్టుకోండి: బ్రైట్ సినిమా మోడ్, దీపం హై, గామా 2.2 లేదా అంతకు తక్కువ.

ఎకోలో కూడా ఫ్యాన్ హోరెత్తుతుంటే హై ఆల్టిట్యూడ్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది సాధారణంగా 1500 మీటర్లు దాటిన ఊళ్లకు. హార్స్‌లీ హిల్స్‌లో ఉన్నా అక్కర్లేదు. అది ఆఫ్‌లోనే ఉంటే గాలి ఫిల్టర్ తీసి దుమ్ము దులపండి.

దీపం వాడేకొద్దీ వెలుగు తగ్గుతుంది. కంపెనీ చెప్పే దీపం ఆయుష్షు అంటే సాధారణంగా వెలుగు సగానికి పడే సమయం. కొత్త దీపం మొదటి 100 గంటల్లో త్వరగా మారుతుంది కాబట్టి అది దాటాక ఒకసారి, ఆ తర్వాత ప్రతి 500 గంటలకు బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ ప్యాటర్న్‌లు మళ్లీ చూడండి. ఎకోలో పెట్టుకున్న దీపాన్ని ఆ దశలో హైకి మార్చాల్సి రావచ్చు. దీపం మార్చిన రోజు మాత్రం ల్యాంప్ అవర్స్ రీసెట్ మరవకండి. అది చేయకపోతే కొత్త దీపానికి కూడా పాత గంటలే లెక్కవేసి, మార్చమని తెర మీద హెచ్చరిక వేస్తూనే ఉంటుంది.